హవేలీ గోడకు రాజమల్లు చెప్పుకున్న మాట

పద్మారాణికి మొగుడి మీద కోపం ఈనాటిది కాదు. రెండేళ్లుగా లోపల్లోపల రగులుతూనే ఉంది.

సూరత్‌లోని నవాగామ్‌లో వాళ్లుండే వాడలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. ఇంటికొకరైనా మరమగ్గాల మీద పనిచేసేవాళ్లే. పొద్దంతా ఆ మోతలో అరిచి అరిచి, ఇంటికొచ్చి చాయ్ అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉంటుంది. రాజమల్లూ అంతే. పద్మారాణి గొంతెత్తి "అన్నం తింటవా?" అంటే "ఆ" అంటాడు. అదే పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, మనసులో మాట ఏదైనా చెప్పబోతే మాత్రం అటు తిరిగి కూర్చుంటాడు. ఉలకడు, పలకడు. పెళ్లైన ఏడాదే సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చినప్పుడు, ఆమె ఏం చెప్పినా నోరు తెరుచుకుని విన్న మనిషి! ఇప్పుడు తన మాటే చేదైపోయిందా? ఈ ముక్క ఎన్నిసార్లు అనుకుందో, ఎన్నిసార్లు కొంగుతో కళ్లు ఒత్తుకుందో. అడిగితే లోకువైపోతానని అడగనూ లేదు. మొండి ఘటం కదా!

వాళ్ల కూతురు సింధూజ కాలేజీలో ఇళ్ల డిజైన్లు నేర్చుకుంటోంది. తాపీ నది ఒడ్డున పాత జరీ వ్యాపారి హవేలీ ఒకటుంది. వందేళ్ల కిందట పేరుమోసిన ఆర్కిటెక్ట్ గీసిచ్చిన కట్టడం. ఈమధ్యే బాగుచేసి జనానికి తెరిచారు. "మమ్మీ, చలో నా! మస్తుంటది. పప్పాకు గూడ ఇయ్యాల చుట్టీనే గదా" అని, తండ్రికి సెలవు దొరికిన రోజు ఆ పిల్ల ప్రాణం తీసింది. పద్మారాణి పెట్టెలోంచి మంచి చీర తీసింది. హవేలీ మీద మోజు కాదు. కొత్త చోట, నలుగురిలో, ఆయన తనతో రెండు మాటలు మాట్లాడతాడేమోనని ఆశ.

ఎవరూ చెప్పకుండానే రాజమల్లు హవేలీ గుమ్మం బయట చెప్పులు విడిచాడు. లోపల టేకు మెట్లు, రంగుటద్దాల కిటికీలు, కాళ్లకు చల్లగా తగిలే రాతి నేల. ఓంప్రకాష్ అనే గైడు హిందీలో నెమ్మదిగా ఒక్కొక్కటీ చెబుతుంటే, రాజమల్లు అన్నింటికీ బుద్ధిమంతుడిలా తల ఊపాడు. మెట్లెక్కుతూ పద్మారాణి దగ్గరగా జరిగి, "ఎంత సల్లగున్నదో గదా" అంది. ఆయన చక్కా నడుచుకుంటూ పోయాడు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. గైడుకు ఊపిన తల పెళ్లానికి ఊపలేడా!

పైన కమాను కప్పున్న గది ఒకటుంది. ఆ గది కిటుకు ఓంప్రకాష్ విప్పి చెప్పాడు. ఈ మూల గోడకు నోరు ఆనించి గుసగుసగా అంటే, ఆ మాట కమాను మీదుగా పోయి ఎదురు మూలలో ఉన్నవాళ్లకు వినబడుతుందట. ఆర్కిటెక్ట్ పనితనం! రాజమల్లు మళ్లీ తల ఊపాడు. వాళ్లకంటే ముందు ఎవరో అమ్మాయి గోడ దగ్గరకు పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పి నవ్వుకుంటూ వచ్చింది. రాజమల్లు ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఇక మీ వంతు అన్నట్టు గైడు అతనికి ఆ మూల చూపించాడు.

పద్మారాణి గబగబా ఎదురు మూలకు పోయి గోడకు చెవి ఆనించింది. ఏదో ఒకటి అను దేవుడా, తిట్టినా సరే.

అటు రాజమల్లు ముందుగా గోడకు దండం పెట్టాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టాడు. పక్కనే నిలబడి చెప్పినట్టు ప్రతి మాటా ఆమె చెవిలో పడింది.

"రాజన్నా, తండ్రీ... నా చెవులు పోయినయ్. మోత, అరుపులు దప్ప ఏం వినవడ్తలేదు. సేఠ్‌కు ఎర్కైతే పన్లకెల్లి తీసేస్తడు. పద్మ పక్కన కూసోని ఏందో చెప్తది. పెదాలు కదుల్తయ్ గని మాట అందదు. మల్ల చెప్పే అందామంటే సిగ్గైతది. గందుకే అటు తిరిగి కూసుంట. దాని గొంతు నాకు మల్ల వినవడాలె, రాజన్నా. నీ గుడికి అచ్చి కోడెను గడ్త."

వేములవాడ రాజన్న గుడికి పోయినప్పుడల్లా నంది చెవిలో కోరిక చెప్పుకోవడం, అది తీరితే గుళ్లో కోడెను కట్టి మొక్కు చెల్లించడం వాళ్లకు అలవాటు. గైడు మాట ఒక్కటీ అందని రాజమల్లు, ఆ అమ్మాయిని చూసి ఇదీ అలాంటి చోటే అనుకున్నాడు. పిచ్చి మారాజు!

పద్మారాణి గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెండేళ్ల కోపం ఏమైందో ఏమో, గుండె నిండా జాలి పొంగింది. వాడంతా అరుచుకునే చోట, ఈ మనిషికి వినబడడం లేదని ఎవరు కనిపెడతారు? పక్కలో ఉన్న తనే కనిపెట్టలేకపోయింది. మగ్గాల మనుషులింతే అనుకుంది. తన మాట చేదైందని అనుకుంది.

"క్యా హువా మమ్మీ?" అని సింధూజ కంగారుపడింది. పద్మారాణి గది దాటి వెళ్లి, మొగుడి ఎదురుగా నిలబడి, గొంతు చించుకుని అరిచింది.

"నేనిన్న! అంతా ఇన్న! రేపే దావఖానకు పోదాం!"

గది దద్దరిల్లింది. జనం తిరిగి చూశారు. ఓంప్రకాష్ పరుగున వచ్చి, "ధీరే బోలియే, బెహెన్‌జీ" అని పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"జర ఆగు భయ్యా, మా ఆయనకు వినవడాలె" అని, ఆమె మళ్లీ అంతే గట్టిగా అంది. "నీ పని పోతే పోనియ్యి! నా మాట వినవడకుంటే మల్ల అడుగు! పదిసార్లడుగు, పదిసార్లు చెప్త!"

రాజమల్లు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి మాత్రం అటు తిరగలేదు.

"మల్ల చెప్పే" అన్నాడు.