ఆర్పేసిన పొయ్యి

కళ్ళు నలుపుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ నలపడం కూడా తోడై కుడికంటి పైపొర పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. ఆఫీసులో స్క్రీను మీద ఒక్కో అక్షరం మూడుగా కనిపించేది. అద్దాలూ లెన్సులూ పనిచెయ్యలేదు.

ఆపరేషన్లో డాక్టరమ్మ పాడైన పొరను లేజరుతో గుండ్రంగా కోసి తీసి, కళ్ళు దానం చేసిన ఎవరిదో పొరను అదే కొలతకు కోసి అమర్చింది. అన్నిటికంటే లోపలి పొర మాత్రం నాదే ఉంచింది. తలవెంట్రుక కన్నా సన్నటి దారంతో చుట్టూ కుట్లు. ఆ చేతులకు దండం పెట్టాలనిపించింది. మర్నాడు కట్టు విప్పి, కన్ను నలిపితే కుట్లు ఊడతాయని, దాత ఇచ్చింది వృథా అవుతుందని గట్టిగా చెప్పి, చిల్లుల ప్లాస్టిక్ డిప్ప కట్టి పంపింది.

మణికొండలో నేను అద్దెకుండే ఇంటావిడ అక్కడే పుట్టిపెరిగిన మనిషి. నేను గోదావరి వైపుదాన్ని. తెలంగాణ విషయంలో ఇద్దరికీ రోజూ వాదనే. ఆ రోజు ఉద్యమం వాళ్ళ వంటావార్పు ఉందని, ఆస్పత్రికి తోడు రాలేనని ముందే చెప్పింది.

తిరుగు దారిలో ఖాజాగూడ దగ్గర ఆటో ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు, గుండిగలు, పాటలు. పొగంతా ఆటోలోకే వచ్చింది. కన్ను భగ్గుమంది. నా చెయ్యి నన్ను అడక్కుండానే డిప్పను పక్కకు తోసేసింది.

ఎవరో మణికట్టు పట్టుకున్నారు. చూస్తే ఇంటావిడ, రెండో చేతిలో గరిటె. వెనక్కి తిరిగి పొయ్యిలు ఆర్పమంది. అన్నం ఇంకా పలుకుగానే ఉందని ఒకావిడ గొణిగింది.

"బువ్వ మల్ల వండుకుంటం. ఈ పిల్లకు కన్ను మల్ల యాడికెల్లి తెస్తం?"

బిందెలతో నీళ్ళు పోశారు. గుప్పున లేచిన పొగ తగలకుండా ఆవిడ కొంగుతో నా ముఖం కప్పి, అది పోయేదాకా చెయ్యి వదల్లేదు. తర్వాత రాళ్ళు జరిపి ఆటోను పంపించారు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఏడవడానికీ భయమే.

ఆ మధ్యాహ్నం వాళ్ళంతా పలుకు అన్నమే తిన్నారట. ఆవిడ ఒక్కసారీ దెప్పలేదు. మర్నాడు మాత్రం వాదన ఎక్కడ ఆపామో అక్కణ్ణించే ఎత్తుకుంది.

కుట్లన్నీ తీశాక చార్టులో చిన్న అక్షరాలు కూడా చదివాను. ఇప్పటికీ దురద పెడితే చెయ్యి లేస్తుంది. ఆవిడ పట్టుకున్నట్టే సగంలో ఆగిపోతుంది.