కార్బ్యురేటర్ వెనక బొట్టు

1967 సెప్టెంబరు నెలాఖరు. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా ఇంటి పక్క రేకుల షెడ్డే మా గ్యారేజీ. మా ఆయన రైల్వే వర్క్‌షాపు బాయిలర్ షాపులో ఫిట్టరు. ఇరవై ఏళ్లు సుత్తి దెబ్బల మధ్య పనిచేసి చెవులు మొద్దుబారాయి. డ్యూటీ దిగి వచ్చి బండ్లు విప్పేది ఆయనే అయినా, ఇంజను చప్పుడు వినేది నేను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. డ్యాష్‌బోర్డు మీది రాత చదవలేను గాని, ఏ దీపం దేనిదో రంగును బట్టి చెప్పగలను.

ఆ సాయంత్రం తాల్‌బగీచా డాక్టర్‌బాబు పాత కారు వచ్చింది. నడిపింది ఆయన డ్రైవరు సూరయ్య, మా శ్రీకాకుళం వైపు మనిషి. వెనక సీట్లో డాక్టర్‌బాబు. కారుకి రఫ్ ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకపోతే ఇంజను సమంగా తిరగక వణుకుతోంది. పైగా రెండు దీపాలు మిణుకుమంటున్నాయి. ఎర్రది డైనమో చార్జింగుకి, పసుపుది ఆయిల్ ప్రెషర్‌కి. ఆయిల్ లేకుండా నడిపి బేరింగులు పోగొట్టారనీ, ఇంజను మొత్తం విప్పాలనీ బజారులో మెకానిక్ ఒకడు చెప్పాడట.

"అదే నిజమైతే ఇతన్ని ఈ రోజే పనిలోంచి తీసేస్తాను, దీదీ" అన్నాడు డాక్టర్‌బాబు హిందీలో. సూరయ్య తల ఎత్తలేదు.

ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ సరిపడా ఉంది. సూరయ్యను కొంచెం తొక్కమన్నాను. వణుకు పోయింది, దీపాలు రెండూ ఆరాయి. కాలు తీస్తే మళ్లీ మొదలు.

"ఏటంటోందే నీ సుట్టం?" అని ఇంజను వైపు చూపిస్తూ అరిచాడు మా ఆయన.

"బేరింగులు బాగున్నాయి. ఎక్కడో గాలి పీలుస్తోంది" అని నేనూ అరిచాను.

పెట్రోలులో గాలి కలిపే కార్బ్యురేటర్ ఇంజనుకి అతికే చోట కుంచెతో కాస్త ఆయిల్ పూశాను. ఆ ఆయిల్ సందు మూయగానే ఇంజను కుదుటపడింది. పూసింది పీల్చేసుకోగానే మళ్లీ వణికింది. దొంగగాలి దూరితే ఇంజను నెమ్మదిస్తుంది. దానితో డైనమో, ఆయిల్ పంపు కూడా నీరసిస్తాయి. జబ్బు ఒకటే, దీపాలు రెండు.

మా ఆయన కార్బ్యురేటర్ విప్పి నా చేతిలో పెట్టాడు. గ్యాస్కెట్, అంటే రెండు లోహాల మధ్య వేసే అట్ట, ఒక మూల చిరిగి ఉంది. కార్బ్యురేటర్ తళతళలాడుతోంది. ఇంజను వైపు ముఖాన సిందూరం బొట్టు. బిగించి ఉండగా అక్కడికి వేలు పోదు.

"విశ్వకర్మ పూజకా?" అని సూరయ్యను మెల్లిగా అడిగాను. ఆ నెల మధ్యలో ఇక్కడ బండ్లన్నీ కడిగి బొట్టు పెట్టే పూజ అది.

"అవునప్పా" అన్నాడు, మా వైపు అక్కను పిలిచే పిలుపుతో. "అందరూ పైపైన కడుగుతారు. నాను లోపల కూడా తోమినాను. అట్ట సిరిగింది. అదే ఎట్టేసినాను. బయమేసి సెప్పలేదు."

"ఇంజను మాట నాను సెప్తాను. ఈ మాట నువ్వే సెప్పాల."

డాక్టర్‌బాబుకి అంతా చెప్పాడు. ఆయన ఆ బొట్టునే చూస్తూ నిలబడ్డాడు. "మరి ఇంజను?" అని నన్ను అడిగాడు.

"దానికేమీ కాలేదు, బాబూ."

కొత్త గ్యాస్కెట్ పేపరు కార్బ్యురేటర్ ముఖాన పరిచి, గుండు సుత్తితో అంచుల వెంబడి తట్టి కోశాను. బిగించి స్టార్ట్ చేస్తే, వణుకు లేదు, దీపాలు లేవు. డాక్టర్‌బాబు వెనక సీట్లో కూర్చుని, "ఇంటికి పోనీ, సూరయ్యా" అన్నాడు.

దీపం వెలిగితే బండి మీద చివరిగా చెయ్యి పెట్టిందెవరో ముందు అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. అదీ, వాళ్లు భయపడకుండా చెప్పేలా అడగాలి.

యాభై దాటాక అక్షరాలు దిద్దాను. తెలుగు వచ్చాక ఇంగ్లీషు కూడా పట్టాను. ఒక రోజు డ్యాష్‌బోర్డు మీద దీపాల పక్కనున్న మాటలు కూడబలుక్కుని చదివాను. నాకు తెలియని సంగతి ఒక్కటీ అక్కడ రాసి లేదు.