అద్దాల బీరువాలో నాన్న గిటార్

కడియం నర్సరీల మధ్య ఉన్న మా చర్చిలో, పెళ్లికాక ముందు నుంచీ నాన్నే ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారు. మోచెయ్యి ఆనేచోట దాని ఎర్రరంగు అరిగిపోయి చెక్క తేలింది. ఆయనకి పక్షవాతం వచ్చి, ఎడమచెయ్యి మళ్లీ కాస్త స్వాధీనంలోకి వచ్చేసరికి, మూలనపడ్డ గిటార్ మూగబోయింది. రాజమండ్రి మెకానిక్ విప్పి చూసి, "కాయిల్ పోయిందండి, కొత్తది వేస్తే పలుకుద్ది" అన్నాడు. నాన్నది ఒకటే కోరిక, క్రిస్మస్ ఆరాధనలో ఒక్క పాటకైనా వాయించాలని.

అడ్డం పడింది బాబాయి. నాన్నకి సొంత తమ్ముడు, చర్చి కమిటీ పెద్ద.

"ఇలాంటి గిటార్లు ఇప్పుడు దొరకవన్నయ్యా. లోపల ఏం మార్చినా దాని విలువ పోద్ది. ఉన్నది ఉన్నట్టు దాచాలి. చర్చికి ఇచ్చెయ్, మేం చూసుకుంటాం."

యూట్యూబులో చూశాడట. జన్మలో ఒక్క తీగ మీటిన పాపాన పోలేదు మహానుభావుడు!

చూసుకుంటామంటే బాగు చేయిస్తారనుకుని ఇచ్చేశారు నాన్న. ఆదివారం పాస్టరు అయ్యగారు గిటార్ మీద చెయ్యి పెట్టి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తే, అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది నాన్నే. ఆ వెంటనే బాబాయి దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"బాగు చేయించరా?" అన్నారు నాన్న.

"ఏంటన్నయ్యా, ఇక అది దేవుడి సొత్తు. అయినా ఆ చేత్తో ఏం వాయిస్తావు?"

కొందరు నవ్వారు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడికిచ్చింది తిరిగి అడగడం పాపమని మాకు నేర్పింది నాన్నే, ఇంకేం మాట్లాడతారు? తాళంచెవి నేనడిగితే, "కమిటీలో పెడతాలేమ్మా" అన్నాడు బాబాయి. పెట్టలేదు.

క్రిస్మస్ రోజున కీబోర్డు మోగుతుంటే, నాన్న ముందు బెంచీలో కూర్చుని ఎడమచేతి వేళ్లతో మోకాలిని నొక్కుతూ ఉన్నారు. చూడలేక బయటికి వచ్చేశాను. ఈస్టర్ దాకా ఆయన బతకలేదు.

చర్చి నుంచి సమాధుల తోటకి బయల్దేరే ముందు బాబాయి తాళం తీశాడు. గిటార్ తెచ్చి శవపేటిక మీద ఆనించి, "ఫొటో తియ్యండి, అన్నయ్యకి ఇదంటే ప్రాణం" అని కళ్లు ఒత్తుకున్నాడు.

"ఇప్పుడు విలువ పోదా బాబాయ్?" అన్నాను.

ఫొటో అయ్యాక బాబాయి పూలరేకులు దులిపి, జేబురుమాలుతో తుడిచి, గిటార్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పుడొచ్చి అన్న పెట్టెకి భుజం పట్టాడు.