అంతరిక్షంలో మా అన్న చేతులు

ఎవరికైనా గాలి సోకిందంటే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు నడుపుతాను. వేలితో రుద్ది చూడందే జరీని కూడా నమ్మను. అలాంటివాడిని కూర్చుని ఇది రాస్తున్నాను.

మా అన్న పోచంపల్లిలో చాలా కాలం మగ్గం నేసి, తర్వాత నాతోపాటు కొట్లో కూర్చున్నాడు. ఎల్బీ నగర్ చౌరస్తాలో బండి మీద నుంచి పడి నడుము విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. దవాఖాన నుంచి మీర్‌పేట్‌లోని ఇంటికి తెచ్చాక ముఖం గోడవైపు తిప్పుకుని పడుకునేవాడు. తిండి మానేశాడు. వదిన పలకరించినా కళ్ళు మూసుకునేవాడు.

మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. స్నేహితురాలి దగ్గర వీఆర్ హెడ్‌సెట్ అడిగి తెచ్చి పెదనాన్న కళ్ళకు తగిలించింది. అదొక ఆట. అంతరిక్షంలో పాడైపోయిన స్టేషన్, అందులో బరువన్నదే ఉండదు. నడవక్కర్లేదు. చేతుల్లో రిమోట్‌లు పట్టుకుని, కడ్డీలు అందుకుంటూ తేలిపోవాలి. ఆ రోజు అన్న నవ్వాడు. మర్నాడు అన్నం అడిగి తిన్నాడు. మాకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆట చివర చిన్న నౌక ఎక్కి భూమికి దిగాలట. అన్న దాని దాకా పోయి, ఎక్కకుండా వెనక్కి వచ్చేసేవాడు. ఎందుకని అడిగాను.

"దిగితే మళ్ళ గీ మంచమే గదరా తమ్మీ" అన్నాడు.

చలికాలంలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయాడు.

మూడో రోజు శ్మశానం దగ్గర పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా చూడటం మా ఆచారం. ముట్టకపోతే కోరిక ఏదో మిగిలిందని అర్థం. మటన్ పెట్టాం, కల్లు పెట్టాం, బీడీ కట్ట విప్పి పెట్టాం. కాకులు గోడ మీద కూర్చుని చూశాయే తప్ప దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. వదిన ఏడుస్తూ నా వైపు తిరిగింది.

"ఆయన పానమంత గా కండ్లకు పెట్టుకునేదాని మీదనే ఉండె. జర అది తెచ్చి పెట్టు."

బండి మీద ఇంటికి పోయి హెడ్‌సెట్ తెచ్చి విస్తరి పక్కన పెట్టాను. అలా పెట్టి పక్కకు జరిగానో లేదో కాకి దిగింది. అందరూ దండం పెట్టారు. నాకు అప్పుడు కూడా లోపల నవ్వే వచ్చింది.

సాయంత్రం మా అమ్మాయి హెడ్‌సెట్ తిరిగి ఇచ్చేయాలంది. ఇచ్చేముందు అన్న చూసిందేదో నేనూ ఒకసారి చూద్దామని, అన్న మంచం మీద కూర్చుని పెట్టుకున్నాను. రిమోట్‌లు బల్ల మీద ఉన్నాయి. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి.

స్టేషన్ ఎక్కడో దూరంగా చుక్కంత కనిపించింది. చుట్టూ చీకటి. నా ముందు రెండు చేతులు కదులుతున్నాయి. ఎడమ చేతిలో, స్టేషన్‌కు కట్టి ఉండాల్సిన తాడు తెగిన కొస. కుడి చేతి వేళ్ళు దాన్ని నలుపుతున్నాయి, మధ్య మధ్య బూడిద అద్దుకోవడానికి పోయినట్టు పక్కకు పోయి వస్తున్నాయి. మగ్గం మీద తెగిన పోగును, జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుని, ముడి లేకుండా నలిపి అతికేటప్పుడు అన్న చేతులు అచ్చం ఇలాగే ఆడేవి. అవతలి కొస లేదు. అయినా నలుపుతూనే ఉన్నాడు.

వెనక్కి రావాలని చూస్తున్నాడు. మంచమైనా సరే అనుకున్నాడేమో. మేమేమో కాకి ముట్టిందని దండం పెట్టి, సాగనంపి వచ్చాం.

"అన్నా!" అని అరిచాను. చేతులు ఆగలేదు. ఇంతలో చార్జింగ్ అయిపోయి తెర నల్లబడింది.

మళ్ళీ చార్జింగ్ పెట్టి చూస్తే ఆట మొదటి నుంచి వచ్చింది. అందులో తాడు తెగే ఘట్టమే లేదంటుంది మా అమ్మాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు చెదిరాయంటారు మావాళ్ళు. కావచ్చు, ఇంకొకరికైతే నేనూ అదే చెప్పేవాడిని. కానీ బూడిద అద్దుకునే ఆ వేళ్ళు ఆటలోకి ఎలా వచ్చాయో నాకు ఇంతవరకు అంతుబట్టలేదు.

"ఆయన మంచిగ పోయిండు గదా?" అని వదిన ఇప్పటికీ అడుగుతుంటుంది.

"మంచిగనే పోయిండు వదినా" అంటాను.

చిన్నప్పుడు అన్న పోగు అతుకుతుంటే అవతలి కొస పట్టుకుని నిలబడటం నా పని. ఇప్పుడు ఆ కొస ఎక్కడుందో ఎవరిని అడగను?