వచ్చే పుస్తకంలో లేస్తాడు

మా చిన్నప్పుడు... బడి నుంచి రాగానే సంచి గూట్లో పడేసి, నాయన నులకమంచం పక్కన కూర్చుని అద్దెకు తెచ్చిన బొమ్మల పుస్తకం చదివేదాన్ని. అందులో ఉన్న హిందీని నాకు తోచిన తెలుగులోకి మార్చి చెప్పేదాన్ని...

నాయన నాందేడ్‌లో ఒక పత్తి జిన్నింగు మిల్లులో హమాలీ. ఇద్దరు మోసే బస్తాను ఒక్కడే వీపుకెత్తుకుంటాడని గల్లీ అంతా చెప్పుకునేవారు. దీపావళి వెళ్లిన కొన్నాళ్లకు బస్తాల దొంతర ఆయన మీద కూలింది. నడుము కింద కదలిక పోయింది. అప్పటినుంచి అమ్మ అదే జిన్నింగుకు పత్తి ఏరడానికి పోయేది... నాయనకు నేను తోడు.

నెలనెలా వచ్చే ఆ పుస్తకంలోని వీరుడు ఆకాశంలో ఎగిరేవాడు. రైలును ఒంటిచేత్తో ఆపేవాడు. నాయన "శాబాష్!" అనేవాడు.

ఒక నెల పుస్తకంలో ఆ వీరుడి శక్తులన్నీ పోయాయి. చివరి పేజీలో వాన... చిరిగిన ముసుగుతో బురదలో బోర్లా పడి ఉన్నాడు. జనం గుర్తుపట్టక దాటిపోతున్నారు. నాయన ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"ఏమైంది బిడ్డా ఇతనికి?"

"బలమంత పోయింది నాయినా."

"మల్ల లేస్తడా?"

"వచ్చే పుస్తకంల లేస్తడు."

ఆ రోజునుంచి నేను గడపలో అడుగు పెట్టగానే "అచ్చిందా?" అని అడిగేవాడు. రెండు నెలలు గడిచాయి. అద్దె పుస్తకాల చాచా తల అడ్డంగా ఊపాడు... "వో కితాబ్ బంద్ హో గయీ, బేటీ." ఇక ఆ పుస్తకం రాదట.

ఇంటికొచ్చి వేరే పుస్తకం తెరిచాను. "లేచిండు నాయినా!" అన్నాను.

నాయన మోచేతుల మీద కొంచెం పైకి లేచాడు. "ఎట్ల లేచిండు?"

నాకు తొమ్మిదేళ్లు. "గట్లనే... లేచిండు" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. మెల్లగా మళ్లీ వెనక్కి వాలాడు.

"పోనీ తియ్యి బిడ్డా... పాపం, పండనియ్యి ఆయన్ని."

ఆ తర్వాత ఎన్నడూ కథ చదవమని అడగలేదు. ఇంకా నాలుగేళ్లు అదే మంచం మీద ఉండి... వెళ్లిపోయాడు.

ఇప్పటి పిల్లల ఫోన్లలో అయితే, కిందపడిన వీరుడు పది నిమిషాల్లో లేచి నిలబడుతున్నాడు. చూసి నవ్వుకుంటారు, మరొకటి పెట్టుకుంటారు... అంత నమ్మకంగా ఎదురుచూడటం ఎవరికీ అక్కర్లేదు.

సగంలో ఆగిపోయిన కథ మీ ఇంట్లోనూ ఉంటే రాయండి... ఎవరికోసం చదివేవారో కూడా.