ఎవరు నిలబడితే వాళ్ళ ప్యాడు

మేరఠ్‌లో క్రికెట్ ప్యాడ్లు కుట్టే మా గల్లీలో సగీరన్ నోటికి జడవనివాళ్ళు లేరు. జడవరా మరి? ఇన్నేళ్ళుగా ఆమె దూది కూరిన ప్యాడ్లు కట్టుకుని దేశమంతా ఆడింది గానీ, ఆమె పేరు మాత్రం గల్లీ మలుపు దాటలేదు. దాటడం దాకా ఎందుకు, గల్లీలోనే వినపడలేదు. మొగుడు నన్హే బతికున్నన్నాళ్ళూ ఆమె చేసినవి నన్హే ప్యాడ్లు. అతను పోయాక అవే మరిది యాకూబ్ ప్యాడ్లయ్యాయి. దూది ఏకింది ఈవిడ, కూరింది ఈవిడ, కుట్టింది ఈవిడ. ఇదెక్కడి న్యాయమయ్యా అంటే, ఆచారం అనేవాళ్ళు. ఆ మాట అనేసి హాయిగా బీడీ ముట్టించుకునేవాళ్ళు కూడా.

ఆ ఆచారం ఇదీ. కొత్తరకం ప్యాడు తయారైతే ముందు కారఖానా వెనక పెరట్లో దానికి పరీక్ష. చేసినవాడే దాన్ని కాళ్ళకు కట్టుకుని, చేతిలో బ్యాటు లేకుండా గోడ ముందు నిలబడాలి. ఎదురుగా ఒకరు కొత్త తోలు బంతితో పూర్తి వేగంతో బౌలింగ్ చేస్తారు. తరవాత ప్యాంటు మడిచి కాలు చూపించాలి. కమిలితే ప్యాడు పోయినట్టు, కమలకపోతే నిలిచినట్టు. అప్పుడు పెద్దమేస్త్రీ ఓంవీర్, ఫలానావాడి ప్యాడు నిలిచిందనో పోయిందనో గల్లీ చివరిదాకా వినిపించేలా కేక వేస్తాడు. నిలిచిన ప్యాడుకు ఇక ఆ మనిషి పేరే శాశ్వతం. అట్టపెట్టె మీద ఇంగ్లీషులో ఏం అచ్చేసినా గల్లీలో ఎవడూ పట్టించుకోడు.

ఆడవాళ్ళు పదిమంది మగాళ్ళ ముందు కాలు చూపించకూడదు కాబట్టి నిలబడకూడదు. నిలబడరు కాబట్టి వాళ్ళకి పేరుండదు. వాళ్ళ బదులు నిలబడ్డ మగాడిదే పేరు. ఎంత చక్కగా అమర్చుకున్నారో చూడండి! ఆ పెరడు పైన మేడగదిలో కూర్చుని కుట్టేవాళ్ళంతా ఆడవాళ్ళేనన్న సంగతి ఆ ఆచారానికి గుర్తు లేదు.

సగీరన్ పుట్టింటివాళ్ళు చలికి కప్పుకునే దూది రజాయిలు చేసేవాళ్ళు. నడక వచ్చిన దగ్గర్నుంచీ దూదిలో పెరిగింది. ఆ చేతిలో పడితే ముతక పత్తి కూడా పొంగేది. కానీ రోజులు మారాయి. ప్యాడ్లలో దూది పోయి స్పాంజి వచ్చింది. ఆమె సణిగింది, తిట్టింది, చివరికి స్పాంజి కోయడం కూడా నేర్చుకుంది. కారఖానా యజమాని ఖర్బందా సేఠ్ ఆశకొద్దీ పాత పరుపుల స్పాంజి తెప్పించడంతో ఒక వేసవికే అది పిండిలా రాలిపోయింది. సరుకంతా వెనక్కి వచ్చింది. సేఠ్ తల పట్టుకుని, స్పాంజి కాకుండా తేలికైనది, చెమటకి పాడవనిది ఏదైనా కనిపెట్టమని గల్లీ అంతా చాటించాడు.

ఇక చూడాలి మావాళ్ళ తెలివితేటలు! ఒకాయన అరిగిపోయిన హవాయి చెప్పుల అడుగులు కోసి కూరాడు. ఆ ప్యాడు కట్టుకున్నవాడు పరుగు తీయడం అటుంచి, అడుగు వేయలేకపోయాడు. ఇంకొకాయన కొబ్బరిపీచు కూరితే అది బట్టలోంచి పొడుచుకొచ్చి, కట్టుకున్నవాడు బంతి పడకముందే గంతులేశాడు. యాకూబ్ పుట్టగొడుగుల మడిలో వేసే గడ్డి తెచ్చాడు. దాని వాసనకి సేఠ్ ముక్కు మూసుకుని లోపలికి పోయాడు.

సగీరన్ మాత్రం ఎవరికీ చెప్పకుండా బూరుగు దూది తెచ్చి ఏకింది. పానిపట్ నుంచి వచ్చే పాత ఉన్ని స్వెట్టర్లు విప్పి, చిక్కగా అణచి, పట్టీలుగా చేసింది. ఉన్ని మీద బూరుగు, బూరుగు మీద ఉన్ని, మధ్యలో సన్నటి పేము బద్దలు. అది అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. సేఠ్ దాన్ని నొక్కి చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"శభాష్ సగీరన్! యాకూబ్‌ని పిలు. సెలవు రోజున నిలబెడదాం."

"యాకూబ్ ఎందుకు సేఠ్‌జీ? నేను నిలబడతా."

సేఠ్ అటూ ఇటూ చూశాడు. "నువ్వా? బాగుండదమ్మా."

"ఏం, నా కాళ్ళు కాళ్ళు కావా?"

సేఠ్ ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు. ఆ సాయంత్రమే యాకూబ్ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతను చెడ్డవాడని నేననను. అన్న పోయాక వదినని, ఇద్దరు ఆడపిల్లల్ని ఆదుకున్నాడు. కానీ ఆ పేరుకి అలవాటుపడ్డాడు. టీకొట్టు దగ్గర "యాకూబ్ ప్యాడువాడు వచ్చాడోయ్" అంటే అతని ఛాతీ ఎలా పెరిగేదో నేను కళ్ళారా చూశాను.

"వదినా, పరువు తీస్తావా?"

"ఎవరిది? నీదా, నాదా?"

యాకూబ్ ప్యాంటు మోకాలిదాకా లాగాడు. మోకాలి కింద ముందెముక పొడుగునా పాత దెబ్బల నల్లమచ్చలు. ఒకచోట ఎముక గంటుపడి ఉంది. "ఇవి చూడు. కూర్చుని కుట్టావు నువ్వు. దెబ్బలు తిన్నది నేను. పేరు ఊరికే రాలేదు నాకు."

సగీరన్ ఆ కాలికేసి చూసింది. ఆ దెబ్బలు నిజం. ఆ మాటా నిజం. సరిగ్గా అందుకే ఆమె ఒళ్ళు ఇంకా మండింది.

"నేను నిలబడొద్దన్నది ఎవరు యాకూబ్? నేనా? మీ అన్న అన్నాడు, సేఠ్ అన్నాడు, నువ్వన్నావు. నా తప్పులకి నువ్వు దెబ్బలు తిన్నావు, నా పనికి నువ్వు పేరు తిన్నావు. నా దెబ్బలు నాకిచ్చెయ్. నా పేరూ ఇచ్చెయ్."

"నీ ఇష్టం. తరవాత ఏడవకు," అని అతను ప్యాంటు దులుపుకుని వెళ్ళిపోయాడు.

సెలవు రోజున పెరడంతా జనం. యాకూబ్ కూడా వచ్చి ఓ మూల కూర్చున్నాడు. సగీరన్ సల్వారు మీదే ప్యాడ్లు బిగించుకుని, చున్నీ నడుముకి చుట్టుకుని, గోడ ముందు నిలబడింది. బౌలింగ్‌కి వచ్చిన తోలుపనివాడు ఇర్ఫాన్ బంతిని ఆశీర్వదిస్తున్నట్టు మెల్లిగా విసిరాడు. అది నేలమీద దొర్లుతూ వచ్చి ఆమె కాలికి ఆనుకుని ఆగింది.

"ఏరా, పిల్లికి బంతి వేస్తున్నావా? గట్టిగా వెయ్!"

"నావల్ల కాదు పిన్నీ. ఆడమనిషిని కొట్టాడంటారు నన్ను."

మగాళ్ళంతా నవ్వారు. రెండోవాడూ అంతే, మూడోవాడూ అంతే. ఓంవీర్ గొంతు సవరించుకుని, "అయితే నిలిచినట్టే కదా, వెళ్ళిపోదాం," అన్నాడు. ఎంత ఘోరం చూడండి. ఆమెని ఓడించడానికి కూడా వాళ్ళకి మనసొప్పలేదు. ఆమెతో పోటీ అనుకుంటేగా ఓడించేది!

సగీరన్ కళ్ళెర్రజేసి జనంలోకి చూసింది. వెనక వరసలో అన్షు నిలబడి ఉంది. తోలు కోసే రామ్‌ఫల్ కూతురు ఆ పిల్ల. జిల్లా అమ్మాయిల జట్టులో ఫాస్ట్ బౌలర్. తెగిన ప్యాడు పట్టీ కుట్టించుకుందామని వచ్చింది.

"అన్షూ, రా ఇటు. నీకు నా మీద జాలి ఉందా?"

"లేదు పిన్నీ," అంది ఆ పిల్ల నవ్వుతూ. "బంతి చేతిలో ఉంటే మా నాన్న మీద కూడా ఉండదు."

అన్షు ఎదురు గోడ దగ్గర్నుంచి పరుగు తీసింది. మొదటి బంతి ఎడమ కాలికి ధడాల్న తగిలింది. సగీరన్ కదల్లేదు. జనం నవ్వు ఆగిపోయింది. రెండో బంతీ అంతే. సేఠ్ ముందుకి వంగాడు. మూడోది మోకాలికి కాస్త కింద, సరిగ్గా కుట్టు మీద పడింది. సగీరన్ నోట్లోంచి "యా అల్లా" అని వచ్చింది. రెండు చేతులూ గోడకి ఆనించింది గానీ కిందపడలేదు.

ఆమె ప్యాడు విప్పి, పదిమంది మగాళ్ళ ముందే సల్వారు పిక్కలపైకి మడిచింది. ముందెముక మీద అడ్డంగా, కుట్టు పడిన చోటే, ఎర్రటి గీత అప్పుడే ఉబ్బుతోంది. తప్పు ఆమెకి వెంటనే తెలిసింది. దూది జారకుండా రజాయికి కుట్టినట్టు అడ్డకుట్లు వేసింది. చలి ఆగుతుంది వాటితో, బంతి ఆగదు. కుట్టు పడ్డచోట దూది అణిగిపోయింది. పుట్టింటి చెయ్యే ఆమెని ముంచింది.

సేఠ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పోన్లే సగీరన్, ఆడమనిషి పేరు ఎందుకు పాడుచేయడం? ఓంవీర్, యాకూబ్ ప్యాడు పోయిందని కేకెయ్యి."

యాకూబ్ తేలు కుట్టినట్టు లేచాడు. "నా పేరెందుకు సేఠ్‌జీ? నేనేమైనా నిలబడ్డానా? నాకేం సంబంధం?"

ఇన్నేళ్ళూ ఆమె పనంతా తనదే అయిన మనిషి! సగీరన్ అతనికేసి చూసింది. కాలు నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా గొంతు మాత్రం మేడగదికి వినిపించేలా లేచింది.

"విన్నారా అందరూ? నిలిచినవన్నీ ఇతనివి. పోయినదానితో ఇతనికి సంబంధం లేదట! ఇది నాది. ఓంవీర్, నా పేరే వెయ్యి."

ఓంవీర్ సేఠ్ కేసి చూశాడు. సేఠ్ మొహం తిప్పుకున్నాడు. "సగీరన్ ప్యాడు పోయింది," అన్నాడు ఓంవీర్ మెల్లగా.

"గొణుగుతావేంటి? యాకూబ్ పేరు ఇలాగే వేశావా? గొంతెత్తు!"

ఓంవీర్ ఊపిరి పీల్చుకున్నాడు. ముసలి గొంతు చీరుకుపోయేలా, రెండు చేతులూ నోటికి ఇరువైపులా పెట్టుకుని అరిచాడు.

"సగీరన్ ప్యాడు... పోయిందీ!"

మేడగది కిటికీల్లో కుట్టుపని ఆడవాళ్ళ తలలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. పక్క కారఖానాలో కుట్టు మిషన్లు ఆగాయి. గల్లీలో ఎవరో ఇంకొకరికి చెప్పారు, వాళ్ళు మరొకరికి చెప్పారు. సగీరన్ దెబ్బతిన్న కాలి మీద అలాగే నిలబడి, తన పేరు గల్లీ మలుపు దాటేదాకా విని, అప్పుడు కూర్చుంది.