దిష్టినీళ్ళు తాగిన మందారం

మొన్న మిర్యాలగూడలో మా పక్కింటి ముద్దమందారం కొమ్మ ఒకటి గోడ మీదుగా ఇటు వంగి పూసింది. కోసుకోమని ఆ ఇంటావిడ మంచిగానే చెప్పింది గాని, నా పెరట్లోని చెట్టుకు ఆ పూట మొగ్గ కూడా లేదు. ఈ వయసులోనూ ఈర్ష్య చురుక్కుమంది. ఆ చురుకు నాకు పాతదే.

నేను సూర్యాపేటకు కాపురానికి వచ్చిన కొత్తలో, పొద్దుగూకితే తలుపులు మూసుకునే రజాకార్ల రోజుల్లో, మా అత్తగారు కోదాడ నుంచి ఒకే చెట్టువి రెండు మందారం కొమ్మలు తెచ్చి, ఒకటి నాకూ ఒకటి మా యారాలికీ, అంటే మా బావగారి భార్యకూ ఇచ్చి, ఎవరి చెట్టు పూస్తే వాళ్ళ పువ్వే శుక్రవారం పూజకన్నారు. యారాలి చెట్టు ఏడాది తిరక్కుండానే పూసింది. నాది ఆకులేసి, మొగ్గ మాత్రం వెయ్యక, వట్టిగా నిలబడింది. ప్రతి శుక్రవారం అత్తగారు నన్ను దాటుకునే ఆమె చెట్టు దగ్గరికి నడిచేవారు.

బడికి పోకపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నదాన్ని కనుక దీన్నీ లెక్కే వేశాను. కొమ్మ ఒకటే, మన్ను ఒకటే, బావి ఒకటే, ఎండ ఒకటే; అన్నీ కొట్టేస్తే మిగిలింది ఆమె కన్ను. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళతో చెట్టుకు దిష్టి తీసి, నాలుగు బాటల కాడ పారబోయాల్సిన ఆ నీళ్ళను, చీకట్లో గడప దాటే రోజులు కావు కనుక, చెట్టు మొదట్లోనే పోసేదాన్ని. ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి ఆకులు పసుపెక్కితే, కన్ను గట్టిదనుకుని సున్నం ఇంకాస్త కలిపేదాన్ని.

ఒకనాడు యారాలే వచ్చి, మొదట్లో తెల్లగా పేరుకున్నదాన్ని గోటితో గీకి చూసింది.

“ఏందే చెల్లె, గింత సున్నం పోస్తున్నవ్? చెట్టుకు పాన్ కడుతున్నవా?”

“దిష్టి తగిలిందక్కా.”

“ఎవలదే?”

నేను ఆమె చెట్టు వైపు చూశాను.

“నాదేనా? నా చెట్టు నిండ పూలుండంగ, నీ మోడును సూసి నేనెందుకు కుళ్తనే,” అని నవ్వి, కొంగు దోపుకుని సున్నం పట్టిన ఆ మన్నంతా తవ్వి తీసేసి, తన చెట్టు కింది మన్ను తట్టతో తెచ్చి నింపింది.

వానలు పడ్డాక నా చెట్టు పూసింది. అత్తగారు ఆ పువ్వును దేవుడికి పెడుతూ, “పెద్దదాని చెయ్యి పడ్డది, పూసింది,” అన్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

యారాలు పోయి చాన్నాళ్ళయింది. ఇప్పుడు నేనుంటున్న ఈ మిర్యాలగూడలో ఎవరి చెట్టు వాళ్ళది, ఎవరి గోడ వాళ్ళది. నా మందారం విరగబూసిన రోజున దాని ముందు ఆగి, ఎవరి చెయ్యి పడ్డదని అడిగేవాళ్ళు లేరు. నీ చెట్టు కన్నా ఒక పువ్వు ఎక్కువే పూసింది చూడమని చెప్పుకుందామంటే, ఆమే లేదు.